గది కన్నా గట్టు ముఖ్యం: చిన్న ఓడలో అంటార్కిటికాకు

అంటార్కిటికా వెళ్లే ఓడల బ్రోషర్ తిరగేస్తే ముందు కనిపించేవి గదుల ఫొటోలు. బాల్కనీ, సోఫా, అద్దాల లాంజ్, ఆవిరి స్నానం. అవన్నీ బాగానే ఉంటాయి. కానీ ఈ యాత్రలో మనం అంత డబ్బు పెట్టేది ఆ నేల మీద గడిపే కొద్ది గంటల కోసం. ఆ గంటలు ఎన్ని దొరుకుతాయన్నది గదిని బట్టి ఉండదు, ఓడలో ఎంతమంది ఎక్కారన్న దాన్ని బట్టి ఉంటుంది. అక్కా నేనూ ఓడను ఎంచుకున్నది ఈ ఒక్క లెక్క మీదే. వెళ్లొచ్చాక దాని మీద నమ్మకం ఇంకా పెరిగింది.

యాత్రికులను అక్కడికి తీసుకెళ్లే కంపెనీలు కొన్ని కలిసి 1991లో ఐయాటో అనే సంఘం పెట్టుకున్నాయి. వాళ్ల నియమం ప్రకారం ఒక చోట ఒకేసారి 100 మందికి మించి యాత్రికులు దిగకూడదు. 500 మందికి పైగా ఎక్కిన ఓడ నుంచి ఎవరినీ గట్టు మీదికి దింపరు, డెక్ మీద నుంచి చూసి రావడమే. దీన్నిబట్టి 100 మంది ఓడలో అందరూ ఒకేసారి దిగొచ్చు, 400 మంది ఓడలో నాలుగు వంతులు పడతాయి. మా ఓడలో 200 కన్నా కొంచెం తక్కువ మంది. సగం మంది గట్టు మీద ఉంటే మిగతా సగం రబ్బరు పడవల్లో మంచుకొండల మధ్య తిరిగేవాళ్లు, ఆ తర్వాత చోట్లు మారేవాళ్లం. గదిలో కూర్చుని మన వంతు ఎప్పుడా అని ఎదురుచూసే పని లేదు. చిన్న ఓడ పెద్ద అలల్లో ఎక్కువ ఊగుతుంది, ఆ మాటా నిజమే. నాకు ఆ బేరం నచ్చింది.

ఓడ ఎక్కేది అర్జెంటీనా దక్షిణ కొసన ఉన్న ఉషుయాయాలో. ముందు బీగిల్ చానెల్ అనే సన్నటి సముద్రపు పాయ, వెనక మంచు కొండలు, మధ్యలో ఏటవాలుగా ఊరు. బయలుదేరే రోజుకు కనీసం రెండు రోజుల ముందే చేరుకోండి. విమానం ఆలస్యమైనా, సూట్‌కేసు వేరే ఊళ్లో దిగిపోయినా ఓడ ఎవరి కోసమూ ఆగదు. మేం దిగిన గెస్ట్‌హౌస్ కొండవాలు మీద ఉంది. కిటికీలోంచి చానెల్ మొత్తం కనిపించేది, పొద్దున్నే వేడి రొట్టె పెట్టేవాళ్లు, నడిపే దంపతులు ఎంతో ఆదరంగా చూసుకున్నారు. కానీ బజారుకు దిగి మళ్లీ ఎక్కడం అక్క మోకాళ్లకు కష్టమైంది. సామాన్లు ఎక్కువున్నవాళ్లు, పెద్దవాళ్లు శాన్ మార్టిన్ వీధికి దగ్గర్లో గది చూసుకుంటే మంచిది. నీరు చొరని ప్యాంట్లు, గ్లోవ్స్ అద్దెకిచ్చే దుకాణాలు ఊళ్లోనే ఉన్నాయి. పై జాకెట్, బూట్లు చాలా ఓడల్లో వాళ్లే ఇస్తారు, కొనే ముందు అడగండి. ఖాళీగా ఒక పూట ఉంటే పాత జైలు మ్యూజియం తప్పకుండా చూడాలి. 1947 వరకూ నడిచిన జైలు అది, ఒక విభాగాన్ని ఏ మార్పూ చేయకుండా అలాగే ఉంచారు. ఈ ఊరు ఎలా ఏర్పడిందో ఆ చల్లటి వరండాలో నడుస్తుంటే అర్థమవుతుంది.

ఇక అందరికీ టెన్షన్ పెట్టేది డ్రేక్ పాసేజ్. దక్షిణ అమెరికా చివరి కొస కేప్ హార్న్‌కీ, అంటార్కిటికా ముందుండే దక్షిణ షెట్లాండ్ దీవులకీ మధ్య దాదాపు 800 కిలోమీటర్ల సముద్రం. ఆ అక్షాంశాల్లో భూగోళం చుట్టూ గాలిని ఆపే నేల ఎక్కడా లేదు, అందుకే అలలు అంత పెద్దవి. దాటడానికి సుమారు రెండు రోజులు పడుతుంది. గది విషయంలో నేను పట్టుబట్టేది ఇక్కడ ఒక్కచోటే: కింది డెక్, ఓడ నడి భాగం. పైన, ముందు వైపు ఉన్న ఖరీదైన గదులు ఎక్కువ ఊగుతాయి. మాది గుండ్రటి కిటికీ ఉన్న చిన్న గది. భోజనాల దగ్గర పై డెక్ వాళ్లు చాలామంది కనిపించలేదు, మేం కాస్త నెమ్మదిగానైనా కడుపునిండా తిన్నాం. వికారానికి మందు వాడేవాళ్లు అలలు మొదలవకముందే వేసుకోవాలి, మొదలయ్యాక వేసుకుంటే అంతగా పనిచేయదు. చెవి వెనక అంటించే పట్టీ కొందరికి నోరు ఎండిపోయేలా, చూపు మసకబారేలా చేస్తుంది. ఇంటి దగ్గరే డాక్టరును అడిగి తెచ్చుకోండి.

ఆ రెండు రోజులూ వృథా అని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. వెనక డెక్ మీద నిలబడితే కేప్ పెట్రెల్ పక్షులు గుంపుగా ఓడ వెంటే వస్తాయి. అప్పుడప్పుడు వాండరింగ్ ఆల్బట్రాస్ కూడా. రెక్కల చివరి నుంచి చివరికి 3 మీటర్లకు పైగా ఉండే ఆ పక్షి రెక్క ఆడించకుండానే అలల మీది గాలిని వాడుకుంటూ ఎగురుతుంది. అక్క పక్షుల మనిషి. వికారం తగ్గిన గంటలోనే బైనాక్యులర్స్ మెడలో వేసుకుని, "లేవే, ఇది మళ్లీ దొరకదు" అని నన్ను బయటికి లాక్కెళ్లింది. అక్క చలవ వల్లే చూశాను.

దిగే ముందు బయోసెక్యూరిటీ తనిఖీ ఉంటుంది. జేబులు, బ్యాగులు, బట్టల మీది వెల్క్రో పట్టీలు వాక్యూమ్ చేయించుకోవాలి. ఒక్క గడ్డి గింజ కూడా ఆ నేల మీద పడకూడదు. గట్టుకు వెళ్లే ముందూ వచ్చాకా బూట్లను మందు నీళ్లలో ముంచి రుద్దాలి. 2023 చివర్లో బర్డ్ ఫ్లూ ఆ ప్రాంతానికి చేరాక నియమాలు ఇంకా బిగించారు. గట్టు మీద కూర్చోకూడదు, మోకాళ్ల మీద వాలకూడదు, బ్యాగు కింద పెట్టకూడదు. బూట్లు తప్ప మనది ఏదీ నేలకు తగలకూడదు. పడుకుని ఫొటోలు తీసే అలవాటున్న ఒకాయన దీని మీద గట్టిగా వాదించాడు. గైడ్ విసుక్కోకుండా చెప్పింది: ఒక పక్షుల గుంపులోని వైరస్‌ను మన బట్టలు ఇంకో గుంపుకు మోసుకెళ్తే ఆ ఏడాది పుట్టిన పక్షి పిల్లలన్నీ పోవచ్చు. ఆ తర్వాత ఆయన మారు మాట్లాడలేదు. ఓడ సిబ్బందిని బేరీజు వేయాలంటే నేను ఈ ఒక్క విషయం చూస్తాను. రూల్ కారణం చెప్పి పాటించేలా చేస్తారా, యాత్రికుడు అడిగాడని వదిలేస్తారా? మావాళ్లు ఒక్కసారి కూడా వదల్లేదు.

మొదట దిగింది హాఫ్ మూన్ దీవిలో. గడ్డం కింద నల్ల గీత ఉన్న చిన్‌స్ట్రాప్ పెంగ్విన్లు రాళ్ల మీద వందల్లో ఉన్నాయి. పడవ గట్టుకు చేరకముందే వాసన వస్తుంది. తినేది క్రిల్ అనే రొయ్యలాంటి చిన్న జీవులను కాబట్టి రెట్ట గులాబీ రంగులో ఉంటుంది, కొండ చరియలు కూడా ఆ రంగుకే తిరిగాయి. పెంగ్విన్‌కు 5 మీటర్ల దూరంలో ఉండాలి, ఫర్ సీల్‌కు 15. మనం కదలకుండా నిలబడితే పెంగ్విన్లే దగ్గరికి వస్తాయి, ఆ దూరం మనకే కానీ వాటికి లేదు. వాటి దారికి అడ్డం రాకూడదు. మెత్తటి మంచులో మన బూటు గొయ్యి చేస్తే చిన్న పక్షి అందులో పడి బయటికి రాలేదు. అందుకే గైడ్లు వెనకే నడుస్తూ గోతులు పూడ్చేవాళ్లు. మేమూ మా గోతులు మేమే పూడ్చడం నేర్చుకున్నాం.

డిసెప్షన్ దీవి జంతువుల కోసం వెళ్లే చోటు కాదు. అగ్నిపర్వతం నోట్లోకి సముద్రం చొరబడి ఏర్పడిన వలయం అది. లోపలికి వెళ్లే ఇరుకు దారి పేరు నెప్ట్యూన్స్ బెలోస్, దాని మధ్యలో నీటి అడుగున ఒక రాయి దాగి ఉంది. కెప్టెన్ ఓడను ఒక పక్కగా తీసుకెళ్తుంటే డెక్ మీద ఎవరూ మాట్లాడలేదు. లోపల నల్ల ఇసుక తీరం, తుప్పు పట్టిన పెద్ద పెద్ద బాయిలర్లు, నూనె ట్యాంకులు. తిమింగలాలను కరిగించి నూనె తీసిన ఫ్యాక్టరీ 1931 వరకూ నడిచింది. తర్వాత అక్కడున్న పరిశోధన కేంద్రాలను 1967, 1969 పేలుళ్లు దెబ్బతీశాయి. నాకు మనసు బరువెక్కింది. రెండు రోజుల తర్వాత విల్హెల్మినా బేలో తిమింగలాలను చూసినప్పుడు ఈ ట్యాంకులే గుర్తొచ్చాయి.

ఆ విల్హెల్మినా బే మొత్తం యాత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు. హంప్‌బ్యాక్ తిమింగలాలు రెండు మూడు కలిసి నీటి కింద బుడగల వలయం అల్లి, క్రిల్‌ను మధ్యలోకి తోసి, నోరు తెరిచి ఒక్కసారిగా పైకి వస్తాయి. పడవ నడిపే గైడ్ ఇంజన్ ఆపేసి, మేం వెంటపడకుండా వాటినే రానిచ్చాడు. తోక అడుగు భాగం మీద నలుపు తెలుపు మచ్చలు ఏ రెండిటికీ ఒకేలా ఉండవు. మేం తీసిన ఫొటోలను హ్యాపీవేల్ అనే సైటుకు పంపారు, ఏ తిమింగలం ఎక్కడెక్కడ తిరిగిందో వాటితో పోల్చి కనిపెడతారు. గైడ్లలో ఇలాంటి జీవశాస్త్రం, భూగర్భశాస్త్రం చదివినవాళ్లు ఎంతమంది ఉన్నారో ఓడ బుక్ చేసేముందు తప్పక అడగండి. మంచుకొండ నీలంగా ఎందుకుందని అడిగితే, ఒత్తిడికి గాలి బుడగలు బయటికి పోయి, గట్టిపడిన మంచు ఎర్ర కాంతిని పీల్చుకుంటుందని అక్కడే, ఆ మంచు పక్కనే వివరించే మనిషి ఉండటం బాల్కనీ కన్నా ఎంతో విలువైనది.

ఖండపు అసలు నేల మీద కాలు పెట్టింది నెకో హార్బర్‌లో. జెంటూ పెంగ్విన్ల పిల్లలు బూడిదరంగు నూగుతో ఉన్నాయి. పక్క గూట్లోంచి గులకరాయి ఎత్తుకెళ్లే పెంగ్విన్లను చూస్తూ గంట గడిచిపోయింది. ఎదురుగా హిమానీనదం. దాని ముక్క విరిగి పడితే పెద్ద అల గట్టు మీదికి వస్తుంది, అందుకే నీటి అంచున నిలబడనివ్వరు. పారడైజ్ బేలో రబ్బరు పడవలో తిరగడం బాగుంది, చాలా ప్రశాంతమైన చోటు. పోర్ట్ లాక్‌రాయ్ బ్రిటన్ 1944లో కట్టిన స్థావరం. ఇప్పుడు మ్యూజియం, పోస్టాఫీసు. ఉత్తరాలు వేసే సరదా ఉన్నవాళ్లకు నచ్చుతుంది, నేనైతే ఆ పూట ఇంకో పెంగ్విన్ గట్టుకు ఇచ్చేదాన్ని.

లెమేర్ చానెల్ మాత్రం దక్కలేదు. 11 కిలోమీటర్ల ఇరుకు జలమార్గం, రెండు పక్కలా నిటారు కొండలు. పొద్దున్నే వెళ్లేసరికి మంచు దారి మూసేసింది, కెప్టెన్ వెనక్కి తిప్పాడు. ఆయన చేసింది సరైన పని. బాధ వేరే. మాకు టికెట్లు అమ్మిన ఏజెంట్ అది ఖాయమని చెప్పాడు. ఇక్కడ ఏదీ ఖాయం కాదు. గాలి, మంచు, అలలు చూసి ఎక్స్‌పెడిషన్ లీడర్ ప్రతి రాత్రీ మరుసటి రోజు ప్లాన్ చెబుతాడు, పొద్దున మళ్లీ మారుతుంది. ఫలానా చోటు తప్పకుండా చూపిస్తామనేవాడి దగ్గర కొనకండి. కయాకింగ్‌కు విడిగా డబ్బు కట్టినవాళ్లకు గాలి వల్ల కొన్ని రోజులు రద్దయ్యాయి. తిరిగి ఎంత ఇస్తారన్నది ముందే రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది.

ఓడలో భోజనం వేడిగా, సమృద్ధిగా ఉంది. శాకాహారం ముందే చెబితే చేసిపెట్టారు. గదులు శుభ్రం. ఇంటర్నెట్ నెమ్మది, నాకదేమీ లోటు అనిపించలేదు. పడవ ఎక్కేటప్పుడు చేతులు కాకుండా మణికట్టు పైన ఒకరినొకరు పట్టుకోవాలి. అక్కకు మోకాళ్ల నొప్పి ఉన్నా ఇద్దరు సిబ్బంది అటూ ఇటూ పట్టుకుని ఒక్క దిగుడూ తప్పిపోనివ్వలేదు. పెద్దవాళ్లను తీసుకెళ్లొచ్చా అని అడిగితే, పది మెట్లు ఎక్కగలిగి, తడి రాళ్ల మీద కర్ర సాయంతో నడవగలిగితే చాలంటాను. అత్యవసరంగా విమానంలో తరలించే ఖర్చు కూడా కవర్ చేసే ఇన్సూరెన్స్ మాత్రం తప్పనిసరి. దగ్గర్లో ఆసుపత్రి ఉండదు.

డ్రేక్ వద్దనుకునేవాళ్లకు చిలీలోని పుంటా అరెనాస్ నుంచి దక్షిణ షెట్లాండ్ దీవుల్లోని కింగ్ జార్జ్ దీవికి రెండు గంటల్లో చేర్చే విమానాలున్నాయి. సెలవు తక్కువున్నవాళ్లకు ఉపయోగమే, కాకపోతే పొగమంచు పడితే రోజులు జారిపోతాయి. ధ్రువపు ఎలుగుబంటి చూడాలనుకునేవాళ్లు ఇటు రాకూడదు, అది ఉత్తరానే ఉంటుంది. నార్వే స్వాల్‌బార్డ్ వైపు చూడండి. అక్కడ 2025 నుంచి ఎలుగుబంటికి కనీసం 300 మీటర్లు, మార్చి నుంచి జూన్ చివరిదాకా 500 మీటర్ల దూరంలో ఉండాలి. ఫొటోలకు మంచి జూమ్ లెన్స్ కావాలి.

ఇంతమంది వెళ్లడం మంచిదా అన్న ప్రశ్న నన్ను వదల్లేదు. 2023-24 సీజన్‌లో లక్షకు పైగా జనం అక్కడికి వెళ్లారు. 2011 నుంచి అక్కడ మందపు ఇంధన నూనె వాడకం నిషేధం, అది మేలే. అయినా ఓడ పొగ పొగే. ఒకసారి వెళ్లి ఊరుకోవడం, వెళ్లేది రూల్స్ గట్టిగా పాటించే చిన్న ఓడలో వెళ్లడం, నాకు తోచింది ఇంతే. ఆ ఒక్కసారికి నెల ఎంచుకోవాలంటే: నవంబర్‌లో తొక్కని తెల్లటి మంచు, డిసెంబర్, జనవరిల్లో గుడ్లు పొదిగి పిల్లలు, ఫిబ్రవరి నుంచి మార్చి దాకా తిమింగలాలు ఎక్కువ, గట్టు మీద బురద కూడా ఎక్కువ. మేం జనవరిలో వెళ్లాం. అక్క ఇప్పటికీ జనవరే సరైనదంటుంది, నేనైతే తిమింగలాల కోసం ఫిబ్రవరి చివరి వారం చెబుతాను.