కారు పాటకి ఏ క్రాసోవర్: పాసివ్‌వా, యాక్టివ్‌వా?

విజయనగరంలో మా కారు డోర్ ప్యాడ్ విప్పితే అరచేతిలో పట్టే నల్లటి డబ్బా ఒకటి బయటపడింది. లోపల రాగి తీగ చుట్టలు, రెండు కెపాసిటర్లు. పాసివ్ క్రాసోవర్ అంటే అదే. ఆంప్‌కీ (సిగ్నల్‌ని పెంచే ఆంప్లిఫయర్) స్పీకర్లకీ మధ్య కూర్చుని సన్నటి స్వరాలను ట్వీటర్‌కి, బరువైనవాటిని వూఫర్‌కి పంచుతుంది. వేరే కరెంటు అక్కర్లేదు, సెట్టింగుల టెన్షన్ లేదు. కానీ విడగొట్టే చోటు తయారీలోనే ఖాయం. కొంత పవర్ వేడిగా పోతుంది కూడా.

యాక్టివ్ అయితే ఆంప్‌కి ముందే సిగ్నల్‌ని విడదీస్తుంది. ముందున్న రెండు ట్వీటర్లకీ, రెండు వూఫర్లకీ ఆంప్‌లో విడివిడిగా నాలుగు ఛానళ్లు కావాలి, ఖర్చు పెరుగుతుంది. అయినా విడగొట్టే చోటుని మనమే జరుపుకునే స్వేచ్ఛ వేరు. నాతవలస దగ్గర హైవే ఎక్కాక సన్నాయి చెవిలో గీరుకుంటున్నట్టు ఉండేది. ట్వీటర్ కటాఫ్‌ని, అంటే అది పలకడం మొదలెట్టే చోటుని, 2500 నుంచి 3500 హెర్ట్జ్‌కి జరిపి, లెవెల్ కాస్త తగ్గించగానే మెత్తబడింది. ఒక్క జాగ్రత్త: పొరపాటున 80 హెర్ట్జ్ పెట్టి సౌండ్ పెంచితే బరువైన స్వరాలు కూడా వెళ్లి ట్వీటర్ కాలిపోతుంది. వాటిని ఆపడానికి దాని తీగలో ఒక కెపాసిటర్ వేయించుకోండి.

లోతైన బేస్ కోసం పెట్టే సబ్‌వూఫర్‌కి మాత్రం యాక్టివే. 4 ఓమ్‌ల స్పీకర్‌కి 80 హెర్ట్జ్ పైనున్న స్వరాలను కోయాలంటే అతి సాదా పాసివ్‌కే దాదాపు 8 మిల్లీహెన్రీల కాయిల్ కావాలి, అంత రాగి ఎందుకు మోయడం? ముందు స్పీకర్లు మాత్రమే మారుస్తుంటే పాసివ్ చాలు.