ఫ్లెక్స్‌తో టెక్స్ట్ ఫైళ్ల పని: ఏళ్ల తరబడి వాడాక

ఫ్లెక్స్ (టెక్స్ట్‌లో ఏ నమూనా కనిపిస్తే ఏం చేయాలో రూల్స్‌గా రాసిస్తే, ఆ పని చేసే సీ ప్రోగ్రామ్‌ను తయారుచేసే టూల్) అనగానే చాలామందికి ఇంజనీరింగ్‌లో కంపైలర్ డిజైన్ పేపరే గుర్తొస్తుంది. నేను కంపైలర్ ఒక్కటీ రాయలేదు. లాగ్ ఫైళ్లు, ఎస్‌క్యూఎల్ డంపులు (డేటాబేసును టెక్స్ట్‌గా దించిన ఫైళ్లు), పాత ప్రోగ్రాములు కక్కే రిపోర్టులు శుభ్రం చేయడానికే ఏళ్లుగా వాడుతున్నాను. దీని పూర్వీకుడు లెక్స్‌ను 1975లో బెల్ ల్యాబ్స్‌లో మైక్ లెస్క్, ఎరిక్ ష్మిట్ రాశారు (తర్వాత గూగుల్ సీఈఓ అయిన ష్మిటే). ఫ్లెక్స్ వెర్న్ పాక్సన్ రాసింది.

డంపులో రెండు అడ్డగీతలతో మొదలయ్యే కామెంట్లు తీసేయాలనుకోండి. లైన్లలో వెతికి మార్చే సెడ్ టూల్‌తో తీస్తే కోట్స్ లోపలి అడ్డగీతలూ, వాటి వెనకున్న డేటా కూడా ఎగిరిపోతాయి. ఫ్లెక్స్‌లో రెండు రూల్స్ చాలు: సింగిల్ కోట్ నుంచి సింగిల్ కోట్ దాకా ఉన్నదున్నట్టు ప్రింట్ చేయి, అడ్డగీతల నుంచి లైను చివరిదాకా పారేయి. ఏ రూల్‌కీ తగలనిదాన్ని అదే అవుట్‌పుట్‌లోకి పంపేస్తుంది. కోట్‌కు ముందు బ్యాక్‌స్లాష్ పెట్టే డేటాబేసులైతే మొదటి రూల్‌కి ఇంకాస్త చేర్చాలి.

స్లాష్, స్టార్ కామెంట్లకు ఇంత సులువు కాదు. ఎంత పొడవు దొరికితే అంతా పట్టుకోవడం దీని నైజం. ఒకే లైన్లో రెండు కామెంట్లుంటే మధ్యలోని అసలు కోడ్ కూడా పోతుంది. స్టార్ట్ కండిషన్లు ఉన్నది ఇందుకే: కామెంట్ మొదలవగానే వేరే స్టేట్‌లోకి వెళ్లడం, అయిపోగానే వెనక్కి రావడం. నేను ఫ్లెక్స్‌ను వదలకపోవడానికి కారణం ఇదొక్కటే. ఉత్త కాలమ్స్ ఏరడానికైతే ఆక్ అనే చిన్న స్క్రిప్టుల టూల్ చాలు, సీ కంపైల్ చేస్తూ కూర్చోనక్కర్లేదు.

స్పీడుకు వంక పెట్టలేం, రిజెక్ట్ (పట్టుకున్నదాన్ని వదిలి తర్వాత సరిపోయే రూల్ చూడమనే ఆదేశం) వాడనంతవరకు. కొత్తవాళ్లను ఏడిపించేది, ఇన్‌పుట్ అయిపోయినప్పుడు పిలిచే వైవైర్యాప్ ఫంక్షన్ దొరకలేదనే లింకర్ ఎర్రర్. నోవైవైర్యాప్ ఆప్షన్ పెడితే పోతుంది.

తెలుగు ఫైళ్ల దగ్గరే చిరాకు. దీనికి తెలిసింది బైట్లే. యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో మన అక్షరం, గుణింతపు గుర్తు, ఒక్కొక్కటీ మూడు బైట్లు. ఏదో ఒక క్యారెక్టర్ అనే అర్థంలో రూల్‌లో చుక్క పెడితే అందులో ఒక్కటే పట్టుకుంటుంది. చదరపు బ్రాకెట్లలో అ నుంచి హ దాకా అని రాయడం దండగ. మొదటి బైట్ 224, రెండోది 176 లేదా 177, మూడోది 128 నుంచి 191 అని ఒక డెఫినిషన్ రాసి దాచుకున్నాను. పొల్లు తర్వాత ఒత్తు పడకుండా పెట్టే కనపడని క్యారెక్టర్‌ను కూడా 226, 128, 140 అని దానికి కలపాలి. లేకపోతే ‘సాఫ్ట్‌వేర్’ రెండు ముక్కలై వస్తుంది. యూనికోడ్ పనే ఎక్కువుంటే, ఇలాంటిదే అయినా యూనికోడ్ తెలిసిన ఆర్‌ఈ2సీ టూల్ చూడండి.