సెసమీ స్ట్రీటా, బ్లూస్ క్లూసా?

తీరు: రెండూ అమెరికా పిల్లల టీవీ షోలే. 1969లో మొదలైన సెసమీ స్ట్రీట్ చిన్న చిన్న ముక్కల కలగలుపు. ఒక అక్షరం, ఒక అంకె, పాట, బొమ్మల అల్లరి. 1996లో వచ్చిన బ్లూస్ క్లూస్‌లో ఎపిసోడ్ అంతా ఒకటే కథ. షో నడిపే స్టీవ్ ప్రశ్న అడిగి, మనవైపే చూస్తూ ఆగుతాడు. బ్లూ అనే కుక్కపిల్ల క్లూగా వదిలిన పంజా గుర్తు వెనకే ఉన్నా అతనికి కనబడదు, పిల్లలేమో "అదిగో, అక్కడ!" అని ఒకటే కేకలు. కిటుకంతా ఆ ఆగడంలోనే ఉంది.

ఓపిక: బ్లూస్ క్లూస్ ఒకే ఎపిసోడ్‌ను మొదట్లో ఐదు రోజులు వరసగా వేసేవారు. జవాబు తెలిసేకొద్దీ పిల్లలకు హుషారు, పెద్దలకు తలనొప్పి. సెసమీలో పెద్దలు నవ్వుకునే జోకులూ ఉంటాయి.

ఖర్చు: బ్లూస్ క్లూస్‌లో స్టీవ్‌తో పాటు క్లూలు గీయడానికి ఓ నోట్‌బుక్, క్రేయాన్ చాలు.

రిస్క్: సెసమీని మధ్యలో ఆపినా గొడవుండదు. చివరిదైన మూడో క్లూ దొరక్కముందే బ్లూస్ క్లూస్ ఆపితే ఇల్లు పీకి పందిరేస్తారు.

అక్షరాలు, అంకెలు పరిచయం కావాలంటే సెసమీ. చూస్తూ ఊరుకోకుండా ఆలోచించి జవాబు చెప్పాలంటే బ్లూస్ క్లూస్. మూడు నాలుగేళ్లవాళ్లకు నా ఓటు దీనికే.