ల్యాప్‌టాప్ వేడి: ఫ్యాన్ పెంచడమా, టర్బో తగ్గించడమా?

గంగజాతర నెల వచ్చిందంటే తిరుపతి హాస్టళ్ల నుంచి ఇదే ప్రశ్న. ల్యాప్‌టాప్ కాలిపోతోంది, పర్ఫార్మెన్స్ మోడ్‌లో ఫ్యాన్ ఫుల్లుగా తిప్పాలా, టర్బో (చిప్ కాసేపు తన మామూలు వేగాన్ని మించి పరుగెత్తడం) కట్ చేయాలా?

ముందు గది సంగతి. ఫ్యాన్ లాగేది గదిలో గాలినే కదా. 25 డిగ్రీల ఏసీలో 85 దగ్గర ఆగే చిప్, కర్తరి ఎండల్లో 36 డిగ్రీలుండే మేడమీది గదిలో అదే పనికి 96 దాకా పోతుంది. చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్ చిప్‌లకు 100 హద్దు. అక్కడికి చేరితే చిప్ తనే వేగం తగ్గించుకుంటుంది, ఫ్యాన్ మోత మాత్రం మిగులుతుంది.

ఆ మోత లెక్క కూడా అన్యాయంగానే ఉంటుంది. ఫ్యాన్ స్పీడు 20 శాతం పెంచితే గాలి 20 శాతమే పెరుగుతుంది, శబ్దం దాదాపు 4 డెసిబెల్స్ ఎక్కుతుంది. రాత్రి పక్క మంచం మీద పడుకున్నవాళ్లకు ఆ తేడా బాగా తెలుస్తుంది.

టర్బో వైపు లెక్క మనకు అనుకూలం. చిప్ తినే పవర్ వేగాన్ని బట్టి, వోల్టేజి వర్గాన్ని (స్క్వేర్) బట్టి మారుతుంది. పై అంచులోని కాస్త వేగం కోసమే వోల్టేజి బాగా ఎగబాకుతుంది. వేగం 10 శాతం, వోల్టేజి 10 శాతం తగ్గిస్తే పవర్ 27 శాతం పడిపోతుంది. నా ఓటు అందుకే దీనికి.

విండోస్ పవర్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ తెరిచి, ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ కింద మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ 99 చేస్తే టర్బో ఆగిపోతుంది. ఈ చిట్కా అందరికీ పనికిరాదు, చిప్ బేస్ స్పీడు, అంటే టర్బో లేని మామూలు వేగం, చూసుకోవాలి. రైజెన్ 5 5600హెచ్ 4.2 నుంచి 3.3 గిగాహెర్ట్జ్‌కు దిగుతుంది, హాయిగా పనవుతుంది. కోర్ ఐ5-1235యూ బేస్ 1.3 మాత్రమే, బ్రౌజర్ కూడా ఈడుస్తుంది. అలాంటివాటికి కంపెనీ ఇచ్చిన క్వైట్ మోడే మేలు. అది టర్బోను పూర్తిగా ఆపకుండా వాట్లకు కళ్లెం వేస్తుంది. చాలా లెనోవోల్లో ఎఫ్ఎన్ + క్యూ, ఆసుస్ టఫ్‌లో ఎఫ్ఎన్ + ఎఫ్5. గేములాడేవాళ్లు ఫ్రేమ్ రేటును 60కి కట్టేయాలి, దానితో గ్రాఫిక్స్ చిప్ వేడి తగ్గుతుంది.

గంటల తరబడి వీడియో రెండరింగ్, ఏసీ గది, చెవిలో హెడ్‌ఫోన్స్ ఉంటే ఫుల్ ఫ్యానే సరి.

అండర్‌వోల్టింగ్ (వేగం అలాగే ఉంచి వోల్టేజి మాత్రమే తగ్గించడం) మంచిదే, కానీ 2019లో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో దాన్ని బయోస్‌లోనే లాక్ చేశారు. కూలింగ్ ప్యాడ్ కొనేముందు వెనకభాగం కింద రెండు నోట్‌బుక్కులు పెట్టి చూడండి, చాలావాటికి అదే చాలు.

ఏ పనీ చేయకుండానే 70 దాటుతుంటే ఏ సెట్టింగూ కాపాడదు. అడుగు మూత విప్పి, బ్యాటరీ కనెక్టర్ తీసి, వేడి రేకుల మధ్య దుమ్ము ఊదాలి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి. వదిలేస్తే అతివేగంగా తిరిగి బేరింగ్ పాడవుతుంది. అప్పటికీ తగ్గకపోతే చిప్ వేడిని బయటికి చేరవేసే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండొచ్చు, మార్పించండి.