ఇంట్లో ఎయిర్ కంప్రెసర్: ఎనిమిది నెలల వాడకం తరువాత

పెట్రోలు బంకులో మీటరు సరిగా చూడకుండానే గాలి పట్టించడం నాకు నచ్చక, 24 లీటర్ల ట్యాంకు ఉన్న ఎయిర్ కంప్రెసర్‌ను (గాలిని ఒత్తి ట్యాంకులో నిల్వచేసే యంత్రాన్ని) కొని ఎనిమిది నెలలుగా మా కారు టైర్లకు వాడుతున్నాను. టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొలిచిన పీడనమే నమ్మదగినది. బంకు దాకా నడిపేసరికి అవి వేడెక్కి మీటరు ఎక్కువ చూపుతుంది కనుక, బండి కదలకముందే ఇంటి దగ్గర గాలి నింపుకోగలగడం ఈ యంత్రంతో నాకు కలిగిన అసలైన మేలు.

ట్యాంకులో గాలి పీడనం 8 బార్లకు (దాదాపు 116 పీఎస్ఐ; రెండూ పీడనపు కొలతలే) చేరగానే మోటారు దానంతట అదే ఆగుతుంది. 28 పీఎస్ఐకి దిగిన నాలుగు టైర్లనూ మా కారుకు చెప్పిన 33కు తేవడానికి ఆ నిల్వ గాలే సరిపోయింది. (ఈ అంకె డ్రైవరు తలుపు పక్కన అంటించిన కాగితం మీద ఉంటుంది, టైరు అంచున ముద్రించినది గరిష్ఠ పరిమితి మాత్రమే.)

దీనితో వచ్చిన, టైర్లకు గాలి నింపే గన్నుకు ఉన్న మీటరు మాత్రం నన్ను నిరాశపరిచింది. విడిగా కొన్న డిజిటల్ గేజీతో పోల్చితే 3 పీఎస్ఐ ఎక్కువ చూపింది కాబట్టి, ప్రతిసారీ ఆ గేజీతోనే సరిచూస్తున్నాను. మోటారు చప్పుడు కూడా ఎక్కువే, తెల్లవారుజామున వేస్తే ఇరుగుపొరుగుకు నిద్రాభంగం తప్పదు. వాడిన ప్రతిసారీ ట్యాంకు అడుగున ఉన్న వాల్వు తిప్పి, గాలిలోని తేమ వల్ల లోపల చేరిన నీటిని వదిలేయాలి, లేకుంటే లోపల తుప్పు పడుతుంది. స్థలం ఉన్నవారికి నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. అపార్టుమెంటువాసులకు కారు సాకెట్‌కు తగిలించే చిన్న పంపు చాలు.