యాడ్‌సెన్స్ డాలర్లు: ఏ దారిన రూపాయలైతే మేలు?

మన సైట్‌లో చూపించే ప్రకటనలకు గూగుల్ డాలర్లలో ఇచ్చే యాడ్‌సెన్స్ డబ్బు ఏ ఖాతాలో వేయించుకోవాలని ఆలోచించేవాళ్లు ముందు చూసేది ఇన్‌వర్డ్ చార్జీ (విదేశీ డబ్బు జమ చేసినందుకు బ్యాంకు తీసుకునే ఫీజు) ఎంత అని. అది స్టేట్‌మెంట్‌లో విడిగా పడుతుంది కాబట్టి కన్ను దానిమీదికే పోతుంది. డాలరుకు బ్యాంకు కట్టిన రేటులో పోయేది మాత్రం ఎక్కడా ఖర్చుగా రాసి ఉండదు. చాలాసార్లు ఎక్కువ పోయేది అక్కడే.

లెక్క కోసం ఆ రోజు రిఫరెన్స్ రేటు, అంటే రోజూ ప్రకటించే ప్రామాణిక డాలరు రేటు, 85 రూపాయలు అనుకుందాం. మీకు 500 డాలర్లు వచ్చాయి, బ్యాంకు 84 చొప్పున కట్టి 42,000 జమ చేసింది. రేటులోనే 500 రూపాయలు పోయాయి. ఇన్‌వర్డ్ చార్జీ 200, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి 236. ఇవికాక కరెన్సీ మార్పిడిపై వేరే జీఎస్టీ ఉంది: లక్ష రూపాయల లోపు మొత్తమైతే అందులో 1 శాతాన్ని (కనీసం 250 రూపాయలను) సేవ విలువగా తీసుకుని దానిపై 18 శాతం వేస్తారు. ఇక్కడ 420 మీద 75.60. అన్నీ కలిపితే దాదాపు 812 రూపాయలు, అంటే 1.9 శాతం. అదే బ్యాంకు మార్జిన్, అంటే రిఫరెన్స్ రేటుకు బ్యాంకు కట్టే రేటుకు ఉన్న తేడా, రూపాయికి బదులు 20 పైసలైతే మొత్తం ఖర్చు 412కు దిగుతుంది. జీఎస్టీ ఏ బ్యాంకులోనైనా ఒకటే, బేరమాడగలిగేది రేటు దగ్గరే.

మామూలు ఖాతా

నేరుగా సేవింగ్స్ లేదా కరెంట్ ఖాతాకు వైర్ ట్రాన్స్‌ఫర్, అంటే విదేశీ బ్యాంకు నుంచి మన బ్యాంకుకు డబ్బు పంపడం. ఎక్కువమందికి ఇదే సరిపోతుంది. బ్యాంకులను పోల్చేటప్పుడు వాళ్ల వెబ్‌సైట్‌లో రోజూ పెట్టే ఫారెక్స్ కార్డ్ రేట్ల పట్టిక తెరిచి ‘టీటీ బయింగ్’ (వైర్‌లో వచ్చిన డాలర్లను బ్యాంకు కొనే రేటు) అన్న వరుస చూడండి. పక్కనే ఉండే కరెన్సీ నోట్ల రేటుతో మీకు సంబంధం లేదు. టీటీ బయింగ్ రేటును అదే రోజు ఎఫ్‌బీఐఎల్ (ఫైనాన్షియల్ బెంచ్‌మార్క్స్ ఇండియా) ప్రకటించే రిఫరెన్స్ రేటుతో పోల్చండి. ఒక్కరోజు చూసి తేల్చవద్దు, ఓ వారం చూస్తే మార్జిన్ ఎంత పెడుతున్నారో తెలిసిపోతుంది. పెద్ద మొత్తాలకు బ్యాంకు ట్రెజరీ (డాలర్లు కొని అమ్మే విభాగం) నుంచి విడిగా రేటు ఇప్పిస్తారు. చిన్న మొత్తమే అయినా నెలనెలా వస్తుందని చూపించి మార్జిన్ తగ్గించమని బ్రాంచిలో రాతపూర్వకంగా అడగండి. అడగనివాళ్లకు కార్డ్ రేటే పడుతుంది.

ఇక్కడ తప్పులు జరిగేది వివరాలు నింపేటప్పుడు. విదేశీ చెల్లింపులకు వాడే స్విఫ్ట్ కోడ్ అడిగినచోట దేశంలోపల వాడే ఐఎఫ్‌ఎస్‌సీ కొట్టేస్తారు. స్విఫ్ట్ కోడ్‌లో 8 లేదా 11 అక్షరాలుంటాయి, మన బ్యాంకులకు అయిదు, ఆరు స్థానాల్లో ‘ఐఎన్’ అని వస్తుంది. ఐఎఫ్‌ఎస్‌సీలో అయిదోది సున్నా. మీ బ్రాంచికి స్విఫ్ట్ లేకపోతే ఏ ఫారెక్స్ బ్రాంచి కోడ్ వాడాలో మీ బ్రాంచినే అడగండి, నెట్‌లో దొరికింది పెట్టొద్దు. యాడ్‌సెన్స్‌లో ఉన్న పేరు, ఖాతాలో ఉన్న పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొట్టిగా ఉంటే డబ్బు వెనక్కి పోవచ్చు.

డబ్బు బ్యాంకుకు చేరాక అది ఎందుకు వచ్చిందో చెప్పే పర్పస్ కోడ్ అడుగుతారు. ప్రకటనల ఆదాయానికి పీ1007. ఈ సూచన ఇవ్వడం ఆలస్యమైతే డాలర్లు బ్యాంకు దగ్గరే ఆగుతాయి, చివరికి పడేది మార్చిన రోజు రేటే. ప్రతినెలా అడగకుండా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ తీసుకుంటారేమో కనుక్కోండి.

నెలనెలా 100 డాలర్లా, పోగేసి ఒకేసారా?

యాడ్‌సెన్స్ కనీస చెల్లింపు 100 డాలర్లు. పై లెక్కలోని 500 డాలర్లనే అయిదుసార్లు వందేసి తీసుకుంటే ఇన్‌వర్డ్ చార్జీ 1,180 అవుతుంది. మార్పిడి జీఎస్టీ కనీసం 45 చొప్పున 225. రేటులో పోయే 500 ఎలాగూ ఉంది. మొత్తం 1,905, ఒకేసారి తీసుకుంటే 812. బ్యాంకు మార్చకుండానే ఇంత తేడా. పేమెంట్ సెట్టింగ్స్‌లో థ్రెషోల్డ్ (ఎంత పోగయ్యాక పంపాలన్న పరిమితి) పెంచుకోవచ్చు. ఆ నెల చెల్లింపుకే వర్తించాలంటే 20వ తేదీలోపు మార్చాలి, ఎందుకంటే 21 నుంచి 26 మధ్య డబ్బు పంపిస్తారు. మీ బ్యాంకు ఇన్‌వర్డ్ చార్జీ అసలు తీసుకోకపోతే పోగేయడం వల్ల లాభం స్వల్పమే.

ఈఈఎఫ్‌సీ ఖాతా

విదేశీ ఆదాయం ఉన్నవాళ్లు డాలర్లను డాలర్లుగానే ఉంచుకునే ఖాతా ఇది (ఎక్స్‌చేంజ్ ఎర్నర్స్ ఫారిన్ కరెన్సీ అకౌంట్). రూపాయి పడిపోయాక మార్చుకుందామని దీన్ని తెరిస్తే నిరాశే. ఒక నెలలో వచ్చిన మొత్తాన్ని, అనుమతించిన ఖర్చులు పోను, మరుసటి నెల చివరి రోజులోపు రూపాయల్లోకి మార్చాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. వడ్డీ కూడా రాదు. విదేశాల్లో డాలర్లలోనే కట్టాల్సిన పెద్ద బిల్లులున్నవాళ్లకు మాత్రం ఇది బంగారం లాంటిది, అమ్మి మళ్లీ కొనే రెండు మార్జిన్లూ మిగులుతాయి. నెలకు పాతిక డాలర్ల హోస్టింగ్ బిల్లు కోసమైతే వద్దు, బయటికి పంపే వైర్ చార్జీయే ఆ మిగులును మింగేస్తుంది.

పేపాల్, వర్చువల్ డాలర్ ఖాతాలు

యాడ్‌సెన్స్ పేపాల్‌కు చెల్లించదు. వేరే యాడ్ నెట్‌వర్క్‌లు కొన్ని చెల్లిస్తాయి. సెటప్ తేలిక, కానీ మార్పిడి రేటులో సాధారణంగా 3 నుంచి 4 శాతం పోతుంది. వైర్ ఇచ్చే వీలున్న నెట్‌వర్క్ అయితే పేపాల్ ఎంచుకోవడానికి కారణం లేదు, 50 డాలర్ల లోపు చిన్న చెల్లింపులకు తప్ప. అమెరికా ఖాతా నంబరు ఇచ్చే సంస్థల్లో కొన్ని మార్కెట్ రేటు ఇచ్చి ఫీజు విడిగా చూపిస్తాయి. ఆ పద్ధతి మంచిదే. చేరేముందు రెండు చూడండి: ఆ నంబరు మీ పేరునే ఉందా, ప్రతి చెల్లింపుకూ ఎఫ్‌ఐఆర్‌ఏ (విదేశీ డబ్బు అందినట్టు ఇచ్చే పత్రం) ఇస్తారా? ఎఫ్‌ఐఆర్‌ఏ లేకపోతే జీఎస్టీలో ఎగుమతి సేవగా చూపించడానికి విదేశీ ద్రవ్యం వచ్చిందన్న రుజువు ఉండదు.

నెలకు 300 డాలర్ల లోపు వచ్చేవాళ్లు మామూలు ఖాతా ఉంచుకుని థ్రెషోల్డ్ పెంచడమే మేలు. అంతకు మించితే మార్జిన్ గురించి బ్యాంకుతో మాట్లాడటం మొదలుపెట్టండి. వేలల్లో వస్తూ విదేశీ బిల్లులూ వేలల్లో ఉంటేనే ఈఈఎఫ్‌సీ గురించి ఆలోచించండి.

జమ అయిన మొత్తం లెక్కకు తగ్గితే గొడవకు దిగేముందు ఎఫ్‌ఐఆర్‌ఏలో రెండు అంకెలు చూడండి: బ్యాంకుకు చేరిన డాలర్లు, వాడిన రేటు. డాలర్లే తక్కువుంటే డబ్బును మధ్యలో చేరవేసే కరెస్పాండెంట్ బ్యాంకు కోసుకుంది, అప్పుడు స్విఫ్ట్ మెసేజ్ కాపీ, ఆ చెల్లింపు ఎటు వెళ్లిందో పట్టుకునే యూఈటీఆర్ నంబరు అడగాలి. డాలర్లు సరిగ్గా ఉంటే మాట్లాడాల్సింది మీ బ్యాంకుతో, ఆ రోజు కార్డ్ రేట్ల పట్టిక చేతిలో పెట్టుకుని.