నలభై దాటాక అందాల పోటీకి సిద్ధం చేసే శిక్షణ: ఒక సమీక్ష

మిస్ యూనివర్స్ వేదిక ఎక్కాలంటే ఒకప్పుడు వయసు 18, 28 ఏళ్ల మధ్య ఉండాలి. వివాహితలకూ తల్లులకూ 2023 పోటీ నుంచి ప్రవేశం కల్పించిన నిర్వాహకులు, 2024 నుంచి గరిష్ఠ వయోపరిమితినే ఎత్తివేశారు. ఆ ఏడాదే అర్జెంటీనాలో అలెహాంద్రా రోడ్రిగెజ్ అనే 60 ఏళ్ల న్యాయవాది బ్యూనస్ ఐరిస్ రాష్ట్ర కిరీటాన్ని గెలుచుకున్నారు. దక్షిణ కొరియాలో చోయ్ సూన్‌హ్వా ఎనిమిది పదులు నిండిన వయసులో జాతీయ పోటీ తుది దశలో నిలిచారు. మాల్టా తరఫున బియాట్రిస్ ఎన్జోయా 40 ఏళ్ల వయసులో, ముగ్గురు బిడ్డల తల్లిగా, ప్రధాన వేదిక మీదే నడిచారు. నడివయసు స్త్రీల కోసమే జరిగే పోటీలు అంతకుముందు నుంచీ ఉన్నా, ఈ మార్పు తర్వాత వాటికి గుర్తింపు పెరిగింది; వాటికి సిద్ధం చేస్తామనే శిక్షణ సంస్థలూ పెరిగాయి. అటువంటి ఒక సంస్థలో చేరి, శిక్షణ పూర్తి చేసి, పోటీలో పాల్గొన్న తర్వాత రాస్తున్న సమీక్ష ఇది. ఇందులోని మంచిచెడులు ఈ రంగంలో మరికొన్ని చోట్లా కనిపించేవే కాబట్టి సంస్థ పేరు ప్రస్తావించడం లేదు.

నలభయ్యో పడి చివరికి చేరుకున్న నాకు నిద్ర సరిగా పట్టడం మానేసింది. పగలూ రాత్రీ తేడా లేకుండా ఒంట్లోంచి వేడి ఆవిర్లు లేచేవి. తిండిలో మార్పు లేకపోయినా నడుము చుట్టూ కొవ్వు పేరుకుంటూ వచ్చింది. ఈ శిక్షణలో చేరడానికి పోటీ ఒక కారణమైతే, ఒక గడువు పెట్టుకుంటే తప్ప నా ఆరోగ్యాన్ని నేను పట్టించుకోనన్న సంగతి నాకు బాగా తెలిసి ఉండటం మరో కారణం. అందుకే ఈ సేవను నేను ఒకే కొలమానంతో చూశాను: పోటీ ముగిసిన మర్నాటి నుంచి నా శరీరానికి ఇది ఏం మిగిల్చింది? ఆ లెక్కన చూస్తే శిక్షణలో మొదటి భాగం ఎంతో గొప్పగా ఉంది, చివరి భాగం ప్రమాదకరంగా ఉంది.

మొదటి సమావేశంలోనే నాకు నమ్మకం కలిగింది. అక్కడి వ్యాయామ శిక్షకురాలు నన్ను బరువు తూచే యంత్రం ఎక్కమనలేదు. నిద్ర ఎన్ని గంటలు పడుతోంది, నెలసరి ఎంత ఎడంగా వస్తోంది, మోకాళ్లలో నొప్పి మెట్లు ఎక్కేటప్పుడా దిగేటప్పుడా, ఇంట్లో ఎవరికైనా తుంటి ఎముక విరిగిందా అని ఒక్కొక్కటీ అడిగి రాసుకున్నారు. ఆ తర్వాత వైద్యులను కలిసి హిమోగ్లోబిన్, థైరాయిడ్, విటమిన్ డి, మూడు నెలల చక్కెర సగటు పరీక్షలు చేయించుకుని, ఎముకల సాంద్రత తెలిపే డెక్సా స్కాన్ అవసరమేమో అడిగి రమ్మన్నారు. ఆ వివరాలు వచ్చేవరకూ బరువులు ముట్టుకోనివ్వలేదు. అందాల పోటీ శిక్షణకు ఎముకల పరీక్ష ఎందుకని మాలో కొందరు అసహనపడ్డారు కానీ, ఆమె చెప్పిన కారణం నూటికి నూరుపాళ్లూ సరైనది. నెలసరి వరుసగా 12 నెలలు రాకపోతే దాన్ని మెనోపాజ్ అంటారు. సగటున అది 51 ఏళ్ల ప్రాంతంలో వస్తుంది. అంతకు కొన్నేళ్ల ముందు నుంచే ఎముకలను కాపాడే ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్‌లో హెచ్చుతగ్గులు మొదలవుతాయి. మెనోపాజ్ తర్వాతి 5 నుంచి 7 ఏళ్లలో ఎముకల సాంద్రత 20 శాతం దాకా తగ్గిపోయే అవకాశం ఉంది. స్కాన్‌లో టి-స్కోరు, అంటే ఆరోగ్యవంతులైన యువతుల ఎముకలతో పోల్చి ఇచ్చే అంకె, మైనస్ 2.5 గానీ అంతకంటే కిందికి గానీ ఉంటే బోలు ఎముకల వ్యాధిగా పరిగణిస్తారు. అటువంటి వ్యక్తిని ఏమీ తెలుసుకోకుండా ఎత్తు మడమల చెప్పులు వేసి వేదిక మీద తిప్పడం ఎంత బాధ్యతారాహిత్యమో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ సేవలో అసలైన విలువ బరువుల శిక్షణలోనే ఉంది. ముప్పై దాటిన దగ్గర్నుంచి ప్రతి పదేళ్లకూ కండరాలు 3 నుంచి 8 శాతం దాకా తగ్గుతూ వస్తాయి. నడకతో ఊపిరి, గుండె బాగుపడతాయి గానీ ఆ కండరం తిరిగి రాదు. పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థాయి వ్యాయామం చేయాలనీ, దానికి తోడు కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో చెప్పింది. మాలో చాలామంది మొదటి సగాన్ని మాత్రమే పట్టుకుని, రెండో సగాన్ని మగవాళ్ల వ్యవహారంగా వదిలేసినవాళ్లమే. ఇక్కడ అలా వదిలేయనివ్వలేదు. మొదట ఖాళీ చేతులతో కుర్చీలోంచి లేచి కూర్చోవడం, తర్వాత నేల మీద నుంచి బరువును నడుము వంగకుండా తుంటి దగ్గర మడిచి పైకి లేపడం, ఆ పైన స్క్వాట్లు, భుజాలకు పైగా ఎత్తడం, ఇలా ఒక్కో కదలిక ఒంటబట్టాకే బరువు పెంచారు. నడివయసులో ఎముక గట్టిపడదు, ఉన్నది నిలబెట్టుకుంటే చాలన్న అభిప్రాయం విస్తారంగా ఉంది. కానీ అది పూర్తిగా నిజం కాదు. ఆస్ట్రేలియాలో జరిగిన లిఫ్ట్‌మోర్ అనే పరిశోధనలో మెనోపాజ్ దాటి, ఎముక సాంద్రత తగ్గిన స్త్రీలు నిపుణుల పర్యవేక్షణలో వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, ఎనిమిది నెలలు భారీ బరువులతో వ్యాయామం చేశారు. వారి నడుము వెన్నెముకలో సాంద్రత సగటున 2.9 శాతం పెరిగింది. ఇంటి దగ్గర తేలికపాటి వ్యాయామం చేసినవారిలో 1.2 శాతం తగ్గింది. మా శిక్షకురాలు ఈ ఫలితాన్ని చెబుతూనే, అక్కడ ప్రతి కదలికనూ నిపుణులు పక్కనే ఉండి చూశారన్న మాటను నొక్కి చెప్పేవారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

ఫలితం నాకు ముందుగా అద్దంలో కనిపించలేదు, నిద్రలో కనిపించింది. వేడి ఆవిర్లు పూర్తిగా పోలేదు గానీ, మధ్యరాత్రి లేచి తెల్లవార్లూ మేలుకుని ఉండటం తగ్గింది. ఆవిర్ల గురించి, హార్మోన్ చికిత్స గురించి అడిగితే సంస్థవారు సొంత సలహా ఇవ్వకుండా స్త్రీల వైద్య నిపుణుల దగ్గరికి పంపడం మెచ్చుకోదగినది. 2002లో అమెరికాలోని ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అధ్యయనంలో హార్మోన్లు వాడినవారిలో రొమ్ము క్యాన్సర్, గుండె జబ్బుల ముప్పు పెరిగిందని ఒక విభాగాన్ని ముందుగానే ఆపేసినప్పటి నుంచి ఈ చికిత్స అంటేనే భయం పాతుకుపోయింది. 60 ఏళ్లలోపు వారికి, మెనోపాజ్ వచ్చి పదేళ్లు దాటనివారికి, ఇతర అడ్డంకులేవీ లేనప్పుడు, తీవ్రమైన లక్షణాల నుంచి ఉపశమనానికి దీనివల్ల కలిగే మేలు సాధారణంగా ముప్పు కంటే ఎక్కువని తర్వాతి విశ్లేషణల్లో తేలింది. అయినా అది ఒక్కొక్కరి ఆరోగ్య చరిత్రను చూసి వైద్యులు తేల్చవలసిన విషయమే తప్ప, వ్యాయామశాలలో తేలేది కాదు.

నడక శిక్షణ బాగుంది. మొదట చెప్పులు లేకుండా, ఆ తర్వాత పొట్టి మడమలతో, చివరికి ఎత్తు మడమలతో నడిపించారు. మడమ ఎత్తు పెరిగే కొద్దీ శరీర భారం పాదం ముందు భాగం మీదికి మళ్లుతుంది, చీలమండ నిలకడ తగ్గుతుంది, పిక్క కండరం కుదించుకుని ఉంటుంది. కాబట్టి పిక్కలకూ చీలమండలకూ విడిగా వ్యాయామం చేయించడం చాలా తెలివైన ఏర్పాటు. గౌను ఎంపిక, జుట్టు, అలంకరణ తరగతులు మామూలుగానే సాగాయి.

నాకు వ్యాయామం తర్వాత అంతగా నచ్చినది ప్రశ్నోత్తరాల శిక్షణ. యువతుల పోటీల్లో వినిపించే పడికట్టు జవాబులు నడివయసు స్త్రీ నోట పేలవంగా వినిపిస్తాయని ఇక్కడి శిక్షకురాలికి తెలుసు. అమెరికాలో 60 ఏళ్లు దాటినవారికి నిర్వహించే మిస్ సీనియర్ అమెరికా పోటీలో జీవిత దృక్పథాన్ని క్లుప్తంగా చెప్పే అంశం ఒకటి ఉంది; అది ప్రతిభ, గౌను, ముఖాముఖి విభాగాలతో సమానంగా నిలుస్తుంది. ఆ పద్ధతిలోనే మా చేత రాయించి, చదివించి, కొట్టేయించి, మళ్లీ రాయించారు. స్త్రీలందరి గురించీ నేను రాసుకొచ్చిన పెద్ద మాటల్ని ఆమె పక్కన పెట్టించి, "మీరు స్వయంగా చేసిన పని ఒక్కటి చెప్పండి, అది ఎందుకు చేశారో చెప్పండి, ఆగిపోండి" అన్నారు. ఇన్నేళ్లుగా చేస్తూ వచ్చిన ఉద్యోగం, మోసిన బాధ్యతలు, తీసుకున్న నిర్ణయాలు ఒక వరుసలో నా కళ్ల ముందు నిలిచింది ఆ తరగతుల్లోనే. ఇది వేదిక కోసమే కాదు, ఏ ముఖాముఖికైనా పనికొచ్చే విద్య.

చర్మ సంరక్షణ విభాగం దగ్గర నుంచి సంస్థ తీరు మారింది. మెనోపాజ్ తర్వాతి మొదటి ఐదేళ్లలో చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ అనే మాంసకృత్తు దాదాపు 30 శాతం తగ్గుతుందన్న నిజాన్ని చెప్పి, వెంటనే దాని పేరుతో తమ సొంత పౌడరు డబ్బాలను అమ్మజూపారు. రోజూ ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్, పొడిబారకుండా ఒక క్రీము, చర్మ వైద్యులు సూచిస్తే రాత్రిపూట రెటినాయిడ్ (విటమిన్ ఎ రకపు పూత మందు), ఈ మూడింటితో ముగియవలసిన తరగతి అమ్మకాల సభగా మారిపోయింది.

అసలు ఫిర్యాదు చివరి వారాల గురించి. అప్పటిదాకా తూనిక యంత్రం జోలికి పోని సంస్థ, పోటీ దగ్గరపడగానే వేరొక సలహాదారును తెచ్చి, తిండి సగానికి తగ్గించమని, ఉప్పు మానేయమని, చివరి రోజుల్లో నీళ్లు కూడా తగ్గిస్తే నడుము సన్నగా కనిపిస్తుందని చెప్పించింది. నెలల తరబడి కష్టపడి పెంచుకున్న కండరాన్ని కరిగించే సలహా ఇది. తిండి ఒక్కసారిగా తెగ్గోస్తే తగ్గే బరువులో కొవ్వుతో పాటు కండరమూ ఉంటుంది. ఆ వయసులో కండరం తిరిగి రావడం కష్టం. కిలో శరీర బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు తీసుకోమని మొదటి నెలల్లో మాకు బోధించిన చోటే ఈ మాట వినవలసి రావడం నన్ను బాధించింది. నీళ్లు తగ్గించమనడం మరీ దారుణం. రక్తపోటు మందులు, ముఖ్యంగా మూత్రం ఎక్కువగా వెళ్లేలా చేసే మందులు వాడేవారు ఈ వయసులో ఎంతోమంది ఉంటారు. వారికి ఇది ఆసుపత్రికి దారితీసే సలహా. మాతోపాటు ఉన్న ఒకావిడ రిహార్సల్‌లో కళ్లు తిరిగి కూర్చుండిపోయారు. నేను ఆ ప్రణాళికను పాటించనని రాతపూర్వకంగా తెలియజేశాను. వ్యాయామ శిక్షకురాలు నా పక్షానే నిలిచారు. సలహా వెనక్కి తీసుకున్నామని మాత్రం సంస్థ ఎక్కడా చెప్పలేదు. మిస్ వరల్డ్ 2014లో, మిస్ అమెరికా 2018లో స్విమ్‌సూట్ విభాగానికి స్వస్తి చెప్పాయి. మేము పాల్గొన్న పోటీలోనూ ఆ విభాగం లేదు. అలాంటప్పుడు నడుము కొలత కోసం ఆరోగ్యాన్ని పణంగా పెట్టమనడానికి ఏ సాకూ మిగలదు.

రుసుముల విషయంలోనూ స్పష్టత కొరవడింది. శిక్షణ రుసుము ఒకటి, పోటీ ప్రవేశ రుసుము మరొకటి, ఫొటోలు, గౌను అద్దె, అలంకరణ వేరువేరుగా వచ్చి పడ్డాయి. మన ఫొటోలను తమ ప్రచారానికి ఎంతకాలం వాడుకుంటారన్నది ఒప్పందంలో చిన్న అక్షరాల్లో ఉంది. చేరబోయేవారు మొత్తం ఖర్చు ఎంతో, మధ్యలో ఆరోగ్య కారణాలతో తప్పుకుంటే ఎంత తిరిగి ఇస్తారో, ఫొటోల హక్కులు ఎవరివో సంతకానికి ముందే కాగితం మీద రాయించుకోవాలి.

పోటీ నాడు నాకు కిరీటం దక్కలేదు. ప్రశ్నోత్తరాల్లో న్యాయనిర్ణేతలు ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. వెలుగుల కింద నిలబడి జవాబు చెబుతున్నప్పుడు వేడి ఆవిరి ఒకటి లేచింది. మాట తడబడలేదు, కాళ్లు వణకలేదు. ఆ నిలకడకు కారణం బరువుల తరగతి, ప్రశ్నోత్తరాల తరగతి. అందుకు ఆ ఇద్దరు శిక్షకురాళ్లకూ నా కృతజ్ఞతలు.

నలభై దాటి, పోటీ మీద ఆసక్తి ఉండి, వైద్యుల అనుమతితో వచ్చేవారికి ఈ సంస్థ వ్యాయామ, ప్రశ్నోత్తరాల విభాగాలను నిస్సంకోచంగా సూచిస్తాను. ఈ రెంటికీ ఐదుకు ఐదు మార్కులు. చర్మ సంరక్షణకు రెండు. చివరి వారాల ప్రణాళికకు ఒక్క మార్కు కూడా ఇవ్వలేను. మధుమేహం, రక్తపోటు, గతంలో తిండికి సంబంధించిన మానసిక సమస్యలు ఉన్నవారు ఆ భాగం ఉన్నంతవరకూ పూర్తి ప్యాకేజీ తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. విభాగాలను విడివిడిగా తీసుకునే వీలుందని అడిగితే గానీ చెప్పరు, కాబట్టి అడగండి. నేను ఇప్పుడు బరువుల తరగతిని మాత్రమే కొనసాగిస్తున్నాను.